ఎక్కడ వేసిన గొంగళి

"ఎక్కడ వేసిన గొంగళి అక్కడే వున్నది" అని మనవాళ్ళు అంటూ వుంటారు. వీధి కుళాయి గురించీ, కోర్టులో దావా గురించీ, ఏళ్ళ తరబడి కడుతున్న వంతెన గురించీ ఆ మాట వాడని తెలుగువాడు వుండడు. తెలుగు పాఠం చెప్పుకొని బతికేవాణ్ణి గనక నేనూ ఏడాదికి నాలుగు సార్లయినా క్లాసులో ఆ సామెత చెప్పి, చలనం లేకపోవడమని దాని అర్థం రాయించినవాణ్ణే. గొంగళి నిజంగా వేసినచోట వేసినట్టే పడివుంటుందా అని ఒక్కనాడూ నాకు అనుమానం రాలేదు. వచ్చేటప్పటికి రెండు వందల రూపాయల పాపం నెత్తికెక్కి కూర్చుంది. ఈ వారం ఆ సంగతే చెప్పుకుంటాను.

మాది ఆత్మకూరు. తెలుగునాట ఆత్మకూర్లకు కొదవ లేదు గాని, మాది కర్నూలు నుంచి దోర్నాల పోయే దారిలో, నల్లమల అడవి అంచున వున్న ఆత్మకూరు. 2022 ఏప్రిల్ దాకా కర్నూలు జిల్లాలో వుండేవాళ్ళం, అప్పటినుంచి నంద్యాల జిల్లా వాళ్ళమయ్యాం. మామూలు రోజుల్లో మా వూళ్ళో చెప్పుకోదగ్గ సందడి వుండదు. ఉగాదికి ముందు పది రోజులు మాత్రం దేశమంతా మా వీధిలోనే నడుస్తున్నట్టు వుంటుంది. కర్ణాటక నుంచి భక్తులు వేలకు వేలు కాలినడకన శ్రీశైలం పోతారు. భ్రమరాంబ వాళ్ళ ఆడపడుచట, మల్లన్న అల్లుడట. పుట్టింటివాళ్ళు పండక్కి చీరె సారె తీసుకొని పోవద్దూ! మా వూరు దాటి వెంకటాపురం, నాగలూటి, పెద్దచెరువు, భీమునికొలను, కైలాసద్వారం మీదుగా అడవిదారిన నడిచిపోతారు. భుజాన సంచీ, చేతిలో కర్ర, చాలామంది పెద్దవాళ్ళ భుజం మీద నల్ల కంబళి. ఎండలో అదే తలగుడ్డ, రాత్రి అదే పరుపు, చినుకు పడితే అదే గొడుగు.

ముందటేడు ఉగాదికి ఆ జనం వెంట ఒక కురుబ పెద్దాయన నాలుగు కంబళ్ళు మడిచి భుజాన వేసుకొని మా వీధికి వచ్చాడు. ఆలూరు వైపు పల్లె. దేవుడికి నడిచినట్టూ వుంటుంది, దారి ఖర్చులు వచ్చినట్టూ వుంటుందని ఏటా తాను నేసినవి నాలుగైదు తెచ్చి అమ్ముకుంటాడట. మా అమ్మకు మోకాళ్ళ నొప్పులు. చలికాలంలో ఏ రగ్గు కప్పినా ఆమెకు ఆనదు. "నా చిన్నప్పటి కంబళి మాదిరిది ఒకటుంటే" అని ఆమె అన్నది మొదటిసారి కాదు. బేరం పద్దెనిమిది వందల దగ్గర తెగింది. "ఆరు మూర్లు వుండాది, కొల్సుకో అయ్యోరా" అన్నాడు. మూరకు ఎవరి చెయ్యి వారిదే గనక నేను లోపలికి పోయి మా ఆవిడ కుట్టుమిషను డ్రాయరులోంచి టేపు తెచ్చి కొలిచాను. తొమ్మిది అడుగులు నిక్కచ్చిగా వుంది. చింతగింజల గంజి వాసన వేస్తోంది, అట్టలాగా నిటారుగా నిలబడుతోంది. మా అమ్మ దాన్ని ఒళ్ళో పెట్టుకొని సంబరపడింది.

ఆ ఏడు వానలు బాగా కురిశాయి. కంబళి ముక్కవాసన పట్టింది. మా ఆవిడ దాన్ని తొట్టిలో చన్నీళ్ళలో నానబెట్టి, సబ్బయినా పెట్టకుండా, రుద్దకుండా, పిండకుండా తీసి మంచం మీద పరిచి ఆరబెట్టింది. ఉన్ని బట్టను రుద్దకూడదని ఆమె పుట్టింటి నుంచి తెచ్చుకున్న జ్ఞానం. ఆరిన తర్వాత కప్పుకుంటే మా అమ్మ కాళ్ళు బయటికి వచ్చాయి. టేపు తెచ్చి చూద్దును గదా, పొడవులో జానెడు తగ్గింది!

నాకు కోపం వచ్చింది. ఎక్కడ పోయింది జానెడు కంబళి? ఎలుకలు తినలేదు, కత్తెర పడలేదు. ఏదో మాయ చేసి కొలతకు సరిపెట్టి అంటగట్టాడని నిశ్చయం చేసుకున్నాను. చదువుకున్నవాణ్ణి, పల్లెటూరి మనిషి చేతిలో మోసపోయానన్న ఉక్రోషం ఒకటి. ఆ ఏడాదంతా ఇంటికి వచ్చిన ప్రతివాడికీ ఆ కథ చెప్పాను. చెప్పినకొద్దీ జానెడు కాస్తా మూరెడయింది. కథలు కూడా సాగుతాయి గదా.

పోయినేడు ఉగాదికి ఆయన మళ్ళీ వచ్చాడు. నేను వీధిలోనే నిలబెట్టి, ఇరుగుపొరుగు వింటూ వుండగా అడిగేశాను. ఆయన గొంతు పెంచలేదు. "తడిపినారా?" అన్నాడు. తడిపామన్నాను. "మగ్గం మీంద లాగి నేస్తాం గదా అయ్యోరా. తడిపితే ఉన్ని తన పొడుగుకు తాను పోతాది. ఇంగ తగ్గదు" అన్నాడు. తగ్గినదానికి సంజాయిషీ అడిగితే ఇంక తగ్గదని హామీ ఇస్తాడేమిటని నేను ఇంకా మండిపడ్డాను. ఆయన కాసేపు నా మొహం చూసి, నడుముకు కట్టుకున్న సంచీ విప్పి, రెండు వంద నోట్లు తీసి నా చేతిలో పెట్టి, మిగిలిన కంబళ్ళు భుజాన వేసుకొని వెళ్ళిపోయాడు. నేను తీసుకున్నాను. చదువరులు ఏమనుకున్నా సరే, దాచను. తీసుకున్నాను.

లోపలికి వస్తే మా అమ్మ ఒక్క మాట అన్నది: "దేవునికి నడిచిపొయ్యే ముసలాయన దగ్గర దుడ్లు తీసుకుంటివేమిరా?"

ఆ మాట మనసులో ముల్లులా గుచ్చుకొని, నాలుగు రోజుల తర్వాత మా కాలేజీలో ఫిజిక్సు చెప్పే మిత్రుడి దగ్గర కథంతా విప్పాను. ఆయన నవ్వలేదు. "అడ్డం కూడా తగ్గిందా?" అని అడిగాడు. నేను చూడలేదు. "దళసరి అయిందా? నేత కనపడకుండా బొచ్చు అల్లుకుపోయిందా?" అదీ చూడలేదు. "మరి ఏం చూసి దొంగతనం కట్టావయ్యా!" అన్నాడు.

ఇంటికి వచ్చి చూస్తే అడ్డం ఇంచుమించు ఎంత కొన్నామో అంతే వుంది. నేత దారం దారంగా కనపడుతూనే వుంది. ఆ సంగతి చెప్పితే ఆయన వివరించాడు. ఉన్ని బట్ట కురచ కావడానికి రెండు దారులున్నాయట. ఉన్ని పోగును భూతద్దంలో చూస్తే పైన పెంకులు కప్పినట్టు పొలుసులుంటాయి, అన్నీ ఒకే దిక్కుకు వాలి. వేడినీళ్ళలో సబ్బు పెట్టి రుద్దితే పోగులు ఒక దిక్కుకే జరిగి ఒకదాన్నొకటి పట్టుకుంటాయి, వెనక్కి రాలేవు. బట్ట దళసరెక్కి, నేత మాయమై, బూర్నీసులా ముద్ద అవుతుంది. అది పోయినది పోయినట్టే, ప్రతి ఉతుకుకూ ఇంకా పోతుంది. రెండోది అలాంటిది కాదు. లాగి వుంచిన పోగు నీళ్ళు తగిలేసరికి తన అసలు పొడవుకు తాను పోవడం. అది లాగిన దిక్కులోనే తగ్గుతుంది, ఒక్కసారే తగ్గుతుంది. "మళ్ళీ తడిపి చూడు. ఈసారి తగ్గకపోతే ఆ పెద్దాయన చెప్పిందే నిజం" అన్నాడు.

మళ్ళీ తడిపాం. ఆరేదాకా నేను మంచం చుట్టూ ప్రదక్షిణం చేశాను. టేపు పెట్టి చూస్తే అంగుళం కాదు గదా, అందులో సగమైనా తగ్గలేదు. "ఇంగ తగ్గదు" అన్న మాట హామీ కాదు, శాస్త్రం!

అక్కడినుంచి నాకు ఈ ఉన్ని పిచ్చి పట్టుకున్నది. మా ఫిజిక్సు మిత్రుడు ఒక సాయంత్రం ప్రాక్టికల్సు హాలులో నాకు చిన్న తమాషా చూపించాడు. ఉన్ని పోగు పొట్టిది, కంటికి ఆనదు గనక దాని బదులు మా ఆవిడ దువ్వెనలోంచి పొడవాటి వెంట్రుక ఒకటి తెమ్మన్నాడు. ఉన్నీ, మన వెంట్రుకా, గోరూ, గొర్రె కొమ్ము పైపొరా అన్నీ కెరటిన్ అనే ఒకే జాతి మాంసకృత్తులట. వెంట్రుకను స్టాండుకు కట్టి, కింద చిన్న తూకపురాయి వేలాడదీసి, పక్కన స్కేలు నిలబెట్టాడు. రాయి తగిలించగానే చటుక్కున కొంత సాగింది. తర్వాత ఏమీ జరగనట్టే వుంది. మేము టీ తాగి వచ్చి చూస్తే ఇంకో గీత దిగింది. గంట తర్వాత మరో అర గీత. అప్పుడు తడిదూదితో ఆ వెంట్రుకను నిలువునా తడిపాడు. రాయి కళ్ళముందే జరజర కిందికి జారింది! రాయి తీసేసి తడిగానే వదిలేస్తే మెల్లగా, సిగ్గుపడుతున్నట్టు, పైకి రావడం మొదలుపెట్టింది.

"నువ్వు తెలుగువాడివి గదా, సాగడమంటే ఏమిటో చెప్పు" అన్నాడు మిత్రుడు. ఆలోచిస్తే ఆశ్చర్యమేసింది. రబ్బరు సాగింది అంటాం, పని సాగింది అంటాం, ప్రయాణం సాగింది అంటాం, మాట సాగదీశాడంటాం. పొడవు కావడానికీ, కాలం గడవడానికీ మనకు ఒకటే మాట. ఈ వెంట్రుక విషయంలో అది అక్షరాలా నిజం. ఇంత బరువుకు ఇంత సాగుతుంది అని చెప్పితే చాలదు, ఎంతసేపటికి అని కూడా చెప్పాలి.

తిరగేసి కూడా చూడవచ్చు. బరువు వేలాడదీయకుండా పోగును కొంత పొడవుకు లాగి అక్కడే బిగించి వుంచితే, పోగు పొడవు మారదు గాని దానిలోని బిగువు తగ్గుతూ పోతుంది. మొదట త్వరగా, తర్వాత నెమ్మదిగా. ఎంత నెమ్మదిగానంటే, పది సెకన్ల నుంచి వంద సెకన్ల దాకా ఎంత తగ్గుతుందో, వంద నుంచి వేయి దాకా సుమారు అంతే, వేయి నుంచి పదివేల దాకా మళ్ళీ సుమారు అంతే. అంటే రోజులు గడిచినా అది పూర్తిగా ఆగదు, కంటికి కనబడటం మానేస్తుంది, అంతే. నవారు మంచం బిగించినవాళ్ళకు ఇది చెప్పనక్కర లేదు. బిగించిన రోజు ఢంకాలా మోగుతుంది, మర్నాటికే మెత్తబడుతుంది, తర్వాత నెలల తరబడి మెల్లమెల్లగా ఉయ్యాల అవుతుంది. నవారు నూలుది, ఉన్ని కాదు, అయినా ఈ లక్షణం అక్కాచెల్లెళ్ళ పోలికలా వుంది.

ఈ సంగతిని మొదట పట్టుకున్నది బట్టల వ్యాపారి కాదు. జర్మనీలో గొట్టింగెన్ నగరంలో విల్హెల్మ్ వెబర్ అనే శాస్త్రజ్ఞుడు అయస్కాంతాలను పట్టుదారంతో వేలాడదీసి ప్రయోగాలు చేసేవాడు. దారం బరువు తగలగానే సాగి అక్కడితో ఆగక తర్వాత కూడా సాగుతూ వుండటం, బరువు తీసినాక కూడా వెంటనే కాక మెల్లగా వెనక్కి రావడం చూసి 1835లో ఆ సంగతి ప్రకటించాడు. 1874లో బోల్ట్స్‌మన్ అనే మహానుభావుడు దానికి లెక్క కట్టాడు. ఇలాంటి పదార్థం ఇవాళ ఎలా ప్రవర్తిస్తుందో తెలియాలంటే నిన్నా మొన్నా దాన్ని ఎవరెంత లాగారో కూడా లెక్కలోకి తీసుకోవాలట. పాత సంగతులు మెల్లగా మసకబారుతాయి గాని చెరిగిపోవు. అత్తాకోడళ్ళ సంగతి అనుకునేరు. నేను దారం సంగతే చెబుతున్నాను.

ఉన్ని దగ్గరికి వస్తే, ఇంగ్లండులో లీడ్సు పట్టణం దానికి కాశీ. చుట్టూ ఉన్ని మిల్లులు, మధ్యలో విశ్వవిద్యాలయం. అక్కడ స్పీక్‌మన్ అనే ఆయన ఉన్ని పోగును నీళ్ళలో వుంచి లాగి చూశాడు. నూరు పాళ్ళలో ముప్పై పాళ్ళ దాకా లాగినా, వదిలిపెట్టి రాత్రంతా నీళ్ళలోనే వుండనిస్తే, తెల్లవారేసరికి అది అసలు పొడవుకు రావడమే కాక, మళ్ళీ లాగితే అసలెన్నడూ లాగనట్టే ప్రవర్తిస్తుంది. మూడో వంతు సాగి, నిద్రపోయి లేచి అన్నీ మరిచిపోయే పదార్థం ఇంకేదన్నా వుందా?

అదే వూళ్ళో ఆస్ట్‌బరీ అనే ఆయన 1930ల మొదట్లో ఉన్ని పోగుల గుండా ఎక్స్‌రే కిరణాలు పంపి ఫొటోలు తీశాడు. మామూలు ఉన్నికి ఒక రకం బొమ్మ, సాగదీసిన ఉన్నికి వేరే రకం బొమ్మ వచ్చాయి. వదిలిపెడితే మళ్ళీ మొదటి బొమ్మే. దానితో ఆయన గ్రహించిందేమంటే, ఉన్నిలోని అణువులు పొడవాటి గొలుసులు, మామూలుగా అవి మడతలు పడి వుంటాయి, లాగితే మడతలు విప్పుకుంటాయి అని. మడత ఎలాటిదన్నది మాత్రం ఆయనకు సరిగ్గా అందలేదు. 1948లో ఆక్స్‌ఫర్డులో జలుబు చేసి మంచాన పడ్డ పాలింగ్ అనే అమెరికా శాస్త్రజ్ఞుడు పొద్దు పోక ఒక కాగితం మీద గొలుసు బొమ్మ గీసి, దాన్ని అటూ ఇటూ మడిచి చూస్తూ చుట్ట ఆకారం పట్టుకున్నాడు. 1951లో అచ్చులో వచ్చింది. ఉన్నిలోని గొలుసు స్ప్రింగులాగా మెలి తిరిగి వుంటుంది.

ఆస్ట్‌బరీ గురించి ఇంకొక్క మాట చెప్పకపోతే రాయలసీమవాడిగా తప్పు చేసినవాణ్ణవుతాను. మాంసకృత్తుల మడతలు విప్పితే పోగులు తీయవచ్చునన్న ఆలోచనతో, వేరుశనగ గింజలోని మాంసకృత్తుల నుంచి కృత్రిమమైన ఉన్ని తీసే పనిలో ఆయన పాలు పంచుకున్నాడు. ఐ.సి.ఐ. కంపెనీ దాన్ని ఆర్డిల్ అనే పేరుతో తయారుచేసింది. ఆ గుడ్డతో కుట్టిన ఓవర్‌కోటు ఆయన తొడుక్కొని తిరిగాడు కూడా. మేము బుడ్డలు అని వేయించుకొని తినేసేవాటితో కోటు! తడిస్తే ఆ పోగు బలహీనపడేది, నైలాను వంటివి వచ్చిపడ్డాయి, 1950లు ముగియకముందే ఆ తయారీ ఆగిపోయింది. ఆగకపోతే మా వేరుశనగ రైతు బతుకు ఎలా వుండేదోనని నాకు అప్పుడప్పుడు అనిపిస్తుంది.

సరే, కంబళికి వద్దాం. ఉన్ని గొలుసులను ఒకదానికొకటి కట్టివుంచే ముడులు రెండు రకాలు. ఒకటి లెక్కలేనన్ని చిన్న ముడులు. ఒక్కొక్కటీ బలహీనమైనది. వీటికి హైడ్రోజన్ బంధాలని పేరు. నీరు తగిలితే విడిపోతాయి, ఆరితే మళ్ళీ పడతాయి, అయితే ఏ స్థితిలో ఆరితే ఆ స్థితిలోనే పడతాయి. రెండో రకం తక్కువ గాని గట్టివి, గంధకంతో వేసిన ముడులు. వెంట్రుక కాలితే వచ్చే కంపు ఆ గంధకానిదే. నీళ్ళు వీటిని కదిలించలేవు. గొలుసుల అసలు అమరికను గుర్తుంచుకునేవి ఇవే.

పోగును పట్టుకొని లాగి వుంచితే బిగువు భరించలేక చిన్న ముడులు ఒక్కొక్కటే తెగి కొత్త చోట పడుతూ వుంటాయి. బిగువు కాలంతో తగ్గడమంటే ఇదే. ముందు తేలికగా తెగేవన్నీ తెగుతాయి గనక మొదట త్వరగా, తర్వాత మొండివి మిగులుతాయి గనక నెమ్మదిగా. ఉన్ని తన బరువులో మూడో వంతు దాకా తేమ పీల్చుకోగలదు. ఆ తేమే చిన్న ముడులకు శత్రువు.

ఇంట్లో ఆడపిల్లలున్నవాళ్ళు ఇదంతా రోజూ చూస్తున్నదే. మా అమ్మాయి తలంటుకొని, తడి పూర్తిగా ఆరకముందే జడ వేసుకొని పడుకుంటుంది. పొద్దున్న విప్పితే జుట్టంతా అలలు అలలుగా వుంటుంది. జడలో వంగి వున్నప్పుడు ఆరింది గనక చిన్న ముడులన్నీ ఆ వంపులోనే పడ్డాయి. మళ్ళీ తలంటుకుంటే అలలు మాయం. ఊరికే తేమగాలి తగిలినా సగం పోతాయి. అదే బ్యూటీ పార్లరులో వేయించుకునే అలలయితే తలంటితే పోవు. అక్కడ వాడే మందు గంధకపు ముడులనే విప్పి కొత్తచోట వేస్తుంది. గంటసేపు ఆవిరిలో లాగి వుంచినా ఉన్నికి అదే గతి, కొత్త పొడవే శాశ్వతమవుతుంది. చిత్రమేమంటే, ఆవిరిలో కొద్ది నిమిషాలే లాగి వదిలేస్తే అది అసలు పొడవుకన్నా కూడా కురచ అయిపోతుంది! పాత ముడులు విడి, కొత్తవి ఇంకా పడక, ఏ ఆధారమూ లేక గొలుసులు ముడుచుకుపోతాయన్నమాట.

ఇప్పుడు ఆ పెద్దాయన మగ్గం దగ్గరికి రండి. దక్కని గొర్రె ఉన్ని మెరినో ఉన్నిలాగా మెత్తనిది కాదు, పోగు దానికి సుమారు రెండింతల మందం. గొర్రెకు ఏడాదికి రెండుసార్లు కత్తెర వేస్తారు. ఆడవాళ్ళు ఏకి, రాట్నం మీద వడుకుతారు. పడుగు పోసి, చింతగింజలు నానబెట్టి రుబ్బి కాచిన గంజి కుంచెతో పట్టించి, లాగి బిగించి ఆరబెడతారు. చూడండి, తడి వుంది, లాగుడు వుంది, లాగి వుండగానే ఆరడం వుంది. పడుగు పోగులోని చిన్న ముడులన్నీ ఆ సాగిన పొడవులోనే పడ్డాయి, పైన చింతగింజల గంజి వాటిని పట్టి వుంచింది. మగ్గం మీద నుంచి దించినప్పుడు కొలిస్తే తొమ్మిది అడుగులు. అది అబద్ధపు కొలత కాదు, ఆనాటి కొలత. మా ఆవిడ తొట్టిలో వేయగానే గంజి కరిగింది, చిన్న ముడులు వదిలాయి, గంధకపు ముడులు గొలుసులను ఇంటికి పిలిచాయి. పేక పోగును ఎవరూ అంతగా లాగరు గనక అడ్డం తగ్గలేదు. దారంలో మెలికలు సర్దుకోవడం, నేత దగ్గరపడటం కూడా ఇందులో కొంత వుంది, అంతా అణువుల మహిమే కాదని మా మిత్రుడు హెచ్చరించాడు.

పెద్ద మిల్లులవాళ్ళకు ఈ సంగతి తెలుసు గనకే సూటు గుడ్డను ముందుగా తడిపి, లాగకుండా ఆరబెట్టి, తగ్గవలసింది తగ్గించి అమ్ముతారు. మా వీధి టైలరు కూడా జాకెట్టు లైనింగు తడిపి ఆరేసి తెస్తేగాని ముట్టుకోడు. ఇంట్లో ఇన్నిసార్లు లైనింగులు తడిపి ఆరేయడం చూసిన నాకు కంబళి దగ్గర ఆ తెలివి రాలేదు.

మాటల లోకంలో మునిగినవాణ్ణి గనక నిఘంటువు కూడా తిరగేశాను. సంస్కృతంలో ఉన్ని ఊర్ణ. సాలెపురుగుకు ఊర్ణనాభి అని పేరు, బొడ్డులో ఉన్ని గలది అని. కురుబలలో పెళ్ళినాడు ఉన్నిదారం కంకణం కట్టుకునేవాళ్ళు వేరు, పత్తిదారం కట్టుకునేవాళ్ళు వేరు అని థర్స్టన్ దొర దక్షిణదేశపు కులాల మీద రాసిన గ్రంథంలో వుంది. ఒక పోగు ఒక కుటుంబానికి ఆనవాలు. ఆ పోగు గురించి వాళ్ళకు తెలిసిన దానిలో వీసమెత్తు కూడా తెలియకుండా నేను వీధిలో నిలబెట్టి తీర్పు చెప్పాను. "గొంగట్లో తింటూ వెంట్రుకలు ఏరినట్టు" అన్న సామెత కూడా నాకు బాగా వచ్చు మరి.

ఈ ఏడు ఉగాదికి పది రోజుల ముందునుంచే నేను సాయంత్రాలు అరుగు వదలలేదు. నాలుగు వంద నోట్లు చొక్కా జేబులో పెట్టుకొని కూర్చునేవాణ్ణి. రెండు ఆయనవి, రెండు నా అపరాధం. గుంపులు గుంపులుగా జనం పోతూనే వున్నారు. ఏడో రోజున వచ్చాడు. ఈసారి భుజం మీద ఆయన కప్పుకునే కంబళి తప్ప అమ్మకానికి ఏమీ లేదు. నన్ను చూసి ఆగకుండా పోబోయాడు. నేనే వీధిలోకి దిగి, పోయినేడు ఎంత గట్టిగా అరిచానో అంత గట్టిగా, "తప్పు నాది పెద్దాయనా, రెండోసారి తడిపి చూశాను, తగ్గలేదు" అన్నాను. ఎదురింటివాళ్ళు గుమ్మంలోకి వచ్చారు. రావాలనే నా కోరిక.

ఆయన అరుగు మీద కూర్చొని మజ్జిగ తాగాడు. నోట్లు ఇస్తే లెక్కపెట్టుకొని, రెండు తీసి తిరిగి నా చేతిలో పెట్టాడు. ఎంత బతిమాలినా మూడోది ముట్టుకోలేదు. కంబళి తెమ్మన్నాడు. మా అమ్మ తెచ్చి ఇచ్చింది. మోచెయ్యి ఆనించి మూర మూర కొలిచాడు, అంచు వేళ్ళతో నలిపి చూశాడు. "బాగ నిలిచింది" అన్నాడు, ఆమెతోనే, నాతో కాదు.

అమ్మడానికి తేలేదేమని అడిగాను. మగ్గం ఎత్తి అటక మీద పెట్టాడట. వూళ్ళో మందలన్నీ ఇప్పుడు మాంసానికి పెంచే నెల్లూరు రకాలు, వాటికి వెంట్రుకే గాని ఉన్ని రాదు. వచ్చే కాస్త నల్ల ఉన్నిని వడికే ఆడవాళ్ళు లేరు. కొడుకు బెంగుళూరులో కారు తోలుతాడు. మగ్గం మీద పడుగును రాత్రిళ్ళు ఏం చేసేవారని అడిగాను. నా కొత్త చదువు చూపించుకోవాలని నాకు తహతహ. "పనైనాంక సడలిస్తాం. రాత్రంతా లాగి పెడితే పొద్దునకు దారంలో జీవముండదు" అన్నాడు. వెబరూ బోల్ట్స్‌మనూ చెప్పింది అదే.

ఒక అనుమానం మిగిలింది. అడగనా వద్దా అని తటపటాయించి అడిగేశాను. "తడిపితే తగ్గుతుందని మీకు తెలుసు గదా, మరి తడిపి, తగ్గినాక కొలిచి అమ్మవచ్చు గదా?"

ఆయన మొదటిసారి నవ్వాడు. "అట్ల చేస్తే ఆరు మూర్లని చెప్పేదానికి వుండదు గదా అయ్యోరా! పక్కనోడు తడపకుండ ఆరు మూర్లని అమ్ముతా వుంటాడు. నాది అయిదున్నర అంటే నువ్వు నాతాన కొంటావా?"

నేను జవాబు చెప్పేలోగా ముందుపోయిన గుంపువాళ్ళు కేక వేశారు. చీకటి పడకముందు వెంకటాపురం చేరాలట. ఆయన కర్ర అందుకొని లేచాడు.